వెలుగూ నీడా: చద్దరు నేత ఫోటోలో కనబడాలంటే

కిందటి సంచికలో పాత ఫోటోలను చెదలూ చెమ్మా తగలకుండా దాచుకోవడం గురించి రాశాను. దానికి వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా ఆ విషయం మీద కాదు. హోసూరు నుంచి ఒక సోదరి ఆవకాయ సీసాల ఫోటో పంపి, "ఇది చూస్తే మా ఆవకాయ తినాలని మాకే అనిపించడం లేదు" అని రాసింది. బరంపురం నుంచి ఒక పెద్దాయనది ఇత్తడి సామాను కొట్టు. "చెంబు ఫోటో తీస్తే అందులో నా బొజ్జ కనిపిస్తోందండీ, ఏం చెయ్యమంటారు?" అని అడిగారు. ఇద్దరి ఉత్తరాల చివరా ఒకటే ప్రశ్న: ఇంకా ఖరీదైన ఫోను కొంటే బాగవుతుందా?

కాదు. ఫోను మారినా ఆ గదిలో వెలుతురు మారదు కదా! వస్తువు మీద వెలుగు ఎటునుంచి పడుతోంది, ఎంత పెద్ద చోటు నుంచి వస్తోంది, ఏ రంగులో ఉంది, ఈ మూడూ తెలిస్తే చేతిలో ఉన్న ఫోనే చాలు. ఈ మూడూ నాకు తెలిశాయని నేను అనుకుంటున్న రోజుల్లోనే మా పక్కింట్లో ఒక సంగతి జరిగింది. అది చెబితే మీకు తేలిగ్గా అర్థమవుతుంది.

మా సోలాపూర్ తూర్పు వైపు పేటల్లో ఇంటి గోడకు చెవి ఆనిస్తే ఇప్పటికీ ఎక్కడో ఒక సాంచా చప్పుడు వినిపిస్తుంది. ఒకప్పుడు చెవి ఆనించే అవసరం కూడా ఉండేది కాదు. మాకు రెండిళ్ళ అవతల ఒక కుటుంబానికి నాలుగు సాంచాలుండేవి. రెండు అమ్మేశారు. మిగిలిన రెంటి మీద చద్దర్లు, ఇంకొకరి దగ్గర నేయించిన టర్కీ టవళ్ళు, ఇవి పెట్టుకొని ఆ ఇంటి కోడలు ఫోను మీద అమ్మకం మొదలుపెట్టింది. ఊరూరా చుట్టాలున్న కులం మాది కనుక మొదట్లో బాగానే సాగింది. ఎప్పుడైతే ముక్కూ మొహం తెలియని వాళ్ళు కొనడం మొదలైందో, అప్పుడు పార్సిళ్ళు తిరిగి రావడమూ మొదలైంది.

ఒక రాత్రి ఎనిమిది గంటలకు ఒక చేతిలో చద్దరు, ఒక చేతిలో ఫోను పట్టుకొని వచ్చింది.

"మామా, గీ చద్దరు చూడుండ్రి, గీ ఫోటో చూడుండ్రి. రెండూ ఒకటేనంటే ఎవరన్న నమ్ముతరా?"

నేనైతే నమ్మను. చేతిలోది ముదురు ఎరుపు, మంచి గట్టి నేత, జకార్డ్ పువ్వు ఉబ్బెత్తుగా ఉంది. ఫోటోలో ఉన్నది గోధుమ రంగుకు దగ్గరగా, అచ్చు వేసిన పల్చటి దుప్పటిలాగా ఉంది. నాలుగు పార్సిళ్ళు వెనక్కి వచ్చాయట. నాలుగింటికీ ఒకటే కారణం, "ఫోటోలో ఉన్నది ఇది కాదు." పోనూ రానూ కిరాయి వీళ్ళ నెత్తినే.

"ఇంకో రెండు మర్లొస్తే దుకాణం బంద్ చెయ్యమంటున్నడు మీ కొడుకు" అంది. పక్కింటి వాడు నాకు కొడుకు వరసే.

ఫోటో ఎప్పుడు తీశావమ్మా అంటే రాత్రి వంట అయ్యాక అంది. ఎక్కడ అంటే మంచం మీద. మంచం వెనక ఆకుపచ్చ గోడ, పైన ఎల్.ఇ.డి. దీపం, వెలుతురు చాలదని ఫోను ఫ్లాష్ కూడా. ఇక చెప్పేదేముంది, చేయగూడనివన్నీ ఒకే ఫోటోలో ఉన్నాయి!

ఆ పిల్లను ఏమీ అనలేకపోయాను. ఎందుకంటే ఆ తప్పు నేనే చేశాను, అదీ స్టూడియో పెట్టి బోర్డు కట్టుకున్నాక. 1984లో ఒక వ్యాపారి చద్దర్ల క్యాటలాగు కోసం పన్నెండు రకాలు తెచ్చి ఫోటోలు తీయమన్నాడు. నేను పుస్తకం చదువుకున్నవాణ్ణి. కుడి వైపొకటి, ఎడమ వైపొకటి, రెండు ఫోటోఫ్లడ్ దీపాలు, రెండూ సరిగ్గా 45 డిగ్రీల కోణంలో పెట్టి, ఎక్కడా నీడ అన్నది లేకుండా తీశాను. ప్రింట్లు చూసి ఆయన, "ఇవి చద్దర్లా, కాగితాలా? నేత ఏదీ?" అని బల్ల మీద పడేసి వెళ్ళిపోయాడు. ఫిల్ము ఖర్చు నాదే అయింది. ఆయన మీద నాకు చాలాకాలం కోపం ఉండేది, కానీ ఆయన అడిగింది సరైన ప్రశ్నే.

ఆ సాయంత్రం మా నాయన స్టూడియోకి వచ్చాడు. నలభై ఏళ్ళు మగ్గం మీద కూర్చున్న మనిషి, కెమేరా ముట్టి ఎరగడు. చద్దరు ఒకటి తీసుకొని గుమ్మం దగ్గర నిలబడ్డాడు. వెలుతురు గుడ్డ మీద అడ్డంగా, రాసుకుంటూ పోయేలాగా పట్టుకొని, కన్ను చిట్లించి చూశాడు. పేక తప్పిన చోటు ఉందేమో చూసేటప్పుడు నేతగాళ్ళు పట్టుకునే పద్ధతి అది. చిన్నప్పటి నుంచి చూస్తున్నదే, ఏనాడూ నా బుర్రకెక్కలేదు. "ఎదురుంగ చూస్తే ఏం కనవడ్తదిరా? పక్కకు వట్టు" అన్నాడు. నా దీపాలు రెండూ ఎదురుగానే ఉన్నాయి మరి.

అందులో ఉన్న కిటుకు ఇంతే. గుడ్డ మీద పోగుల ఎత్తుపల్లాలు చాలా చిన్నవి. ఆ చిన్న ఎత్తుకు ఒక చిన్న నీడ పడితేనే కంటికి గానీ కెమేరాకు గానీ అది ఎత్తని తెలుస్తుంది. దీపం కెమేరా పక్కనే ఉంటే పోగు వెనక పడే నీడ పోగు చాటునే దాక్కుంటుంది, కెమేరాకు కనబడదు. రెండు పక్కలా సమానంగా దీపాలు పెడితే ఒకటి వేసిన నీడను ఇంకొకటి తుడిచేస్తుంది. పాత పత్రాలనూ బొమ్మలనూ నకలు తీయడానికి అది మంచి పద్ధతి, గుడ్డకు పనికిరాదు. గుడ్డకు ఒకే దీపం, ఒకే పక్క నుంచి, కింద నుంచి రావాలి. అంటే గుడ్డ మట్టం నుంచి 15, 20 డిగ్రీల ఎత్తులో. సాయంత్రం ఎండలో దున్నిన చేను చూశారా, చాలు చాలుకూ నీడ కనిపిస్తుంది. మిట్టమధ్యాహ్నం అదే చేను నున్నటి నేలలాగా ఉంటుంది. టర్కీ టవలు కూడా ఒక చేనే అనుకోండి, ఉచ్చు ఉచ్చుకూ నీడ పడాలి.

ఆ అమ్మాయికి ఆ రాత్రే చూపించాను. లైట్లన్నీ ఆర్పేసి, చద్దరు నేల మీద పరిచి, టార్చి ఒకటి పైనుంచి పట్టుకున్నాను. తర్వాత మెల్లగా పక్కకు దించుతూ పోయాను. పువ్వు లేచి కూర్చుంది. "అయ్యో, గింతేనా!" అంది. మీరూ ఇంట్లో ఈ పని ఒక్కసారి చేసి చూడండి, నేను రాసిన నాలుగు పేజీలకన్నా అది ఎక్కువ చెబుతుంది.

అయితే టార్చితో ఫోటో తీయకూడదు. దాని నీడలు కత్తితో కోసినట్టు ఉంటాయి. ఇక్కడ రెండో సంగతి వస్తుంది: వెలుగు వచ్చే చోటు ఎంత పెద్దది? చిన్న చోటు నుంచి వస్తే నీడ అంచు పదునుగా ఉంటుంది, పెద్ద చోటు నుంచి వస్తే మెత్తగా కరిగిపోతుంది. సూర్యుడు నిజానికి ఎంత పెద్దవాడైనా, మనకున్న దూరాన ఆకాశంలో అర డిగ్రీ బిళ్ళ మాత్రమే. అందుకే ఎండ నీడ గట్టిది. అదే మబ్బు పట్టిందంటే ఆకాశమంతా ఒకే దీపం, నీడలే ఉండవు. ఈ రెంటికీ మధ్య మనకు కావలసింది ఇంటి కిటికీ. మూడడుగుల కిటికీకి రెండడుగుల దూరంలో బల్ల వేస్తే, టవలు ముందు మూడడుగుల దీపం పెట్టినట్టే. బల్ల వెనక్కి జరిపేకొద్దీ టవలుకు కిటికీ చిన్నదవుతుంది, నీడలు బిరుసెక్కుతాయి, వెలుతురూ తగ్గుతుంది. కిటికీలో నేరుగా ఎండ పడుతుంటే పాత తెల్ల పంచె ఒక పొర కట్టండి. ట్రేసింగ్ కాగితం అయినా సరే. కిటికీకి అవతలి పక్క, నీడ మరీ నల్లబడిన వైపు, టీవీ పెట్టెలో వచ్చిన థర్మోకోల్ పలక నిలబెట్టండి. దగ్గరికి జరిపితే నీడ తేలికవుతుంది, దూరం జరిపితే చిక్కనవుతుంది. పువ్వు ఎంత లేవాలో ఆ పలకే నిర్ణయిస్తుంది. నా స్టూడియోలో వేల రూపాయల గొడుగులుండేవి, సగం రోజులు ఆ పలకతోనే గడిచాయి.

ఉత్తరపు కిటికీ మంచిదని ఇంగ్లీషు పుస్తకాల్లో రాస్తారు. అవి ఎక్కడో యూరప్‌లో కూర్చుని రాసినవి. అక్కడి నడినెత్తి సూర్యుడు ఎప్పుడూ దక్షిణానే ఉంటాడు. మనకు అట్లా కాదు. సోలాపూర్‌లో మే రెండో వారం నుంచి జూలై చివరి దాకా మధ్యాహ్నపు సూర్యుడు కొంచెం ఉత్తరానికే ఒరిగి ఉంటాడు. చెన్నై, బెంగళూరు వాళ్ళకు ఏప్రిల్ చివరి నుంచి ఆగస్టు నడిమి దాకా అంతే. పైగా మార్చి నుంచి సెప్టెంబరు వరకు పొద్దు పొడిచేదీ గుంకేదీ కూడా ఉత్తరం వైపు జరిగే. కాబట్టి ఎండాకాలంలో మీ ఉత్తరపు కిటికీలో ఎండ పడుతుంటే పుస్తకాన్ని నమ్మకండి, పంచె కట్టుకోండి. కిటికీకి కట్టమంటున్నాను!

ఇక రంగు. ఆ అమ్మాయి కష్టమంతా అసలు ఇక్కడే ఉంది. నేత కనబడకపోతే కొనరు, అంతే. రంగు మారితే కొని తిప్పి పంపుతారు, అది ఇంకా నష్టం.

వెలుగులకు రంగులుంటాయి. మన కన్ను సర్దుకుంటుంది కనుక మనకు తెలియదు. దాన్ని కెల్విన్లలో కొలుస్తారు. పాతకాలపు పసుపు బల్బు 2,700, 2,800 దగ్గర ఉంటుంది. నా స్టూడియో దీపాలు 3,200. పగటి వెలుతురు 5,500 ప్రాంతం. ఎండ పడని నీలాకాశపు నీడలో 7,000 దాటుతుంది. అంకె పెరిగేకొద్దీ నీలం ఎక్కువ. ఫిల్ము రోజుల్లో పగటి ఫిల్ము వేరు, దీపాల ఫిల్ము వేరు. పొరపాటున పగటి ఫిల్ము వేసుకొని దీపాల కింద తీస్తే పెళ్ళికూతురు పసుపు ముద్దయ్యేది. లెన్సు ముందు 80ఎ అనే నీలం అద్దం బిగించుకొని సర్దుకునేవాళ్ళం. ఇప్పుడు ఫోను తనంతట తనే సర్దుతుంది, కానీ దానికి తెలిసినది ఒకే రకం వెలుగును సర్దడం. కిటికీ నుంచి నీలం, పైనుంచి పసుపు, గోడ నుంచి ఆకుపచ్చ తిరుగు వెలుగు, మూడూ కలిస్తే అది మాత్రం ఏం చేస్తుంది? కాబట్టి కిటికీ దగ్గర తీసేటప్పుడు ఇంట్లో దీపాలన్నీ ఆర్పెయ్యాలి. రంగు గోడ పక్కన తీయకూడదు. మీరు ఎర్ర చీర కట్టుకొని తెల్ల టవలు మీదికి వంగి తీస్తే టవలు గులాబీ రంగు పులుముకుంటుంది, అది కూడా చూసుకోవాలి.

చవక ఎల్.ఇ.డి. దీపాలతో ఇంకో చిక్కు. వాటి వెలుగులో ముదురు ఎరుపు పాలు తక్కువ. లేని ఎరుపును గుడ్డ ఎక్కడి నుంచి తిప్పి పంపుతుంది? అందుకే ఎర్ర చద్దరు గోధుమ రంగులో వచ్చింది. దీపం కొనవలసి వస్తే పెట్టె మీద సి.ఆర్.ఐ. అన్న అంకె చూడండి, 95కు తగ్గనిది తీసుకోండి. చీరల కొట్లో మన ఆడవాళ్ళు చీరను వీధి గుమ్మం దాకా తెచ్చి పగటి వెలుతురులో చూస్తే సేల్సువాళ్ళు విసుక్కుంటారు గానీ, శాస్త్రం ఆడవాళ్ళ వైపే ఉంది. దీపం కింద ఒకటిగా కనబడిన రెండు రంగులు ఎండలో వేరు వేరని తేలడం నిజంగా జరిగేదే. జాకెట్టు గుడ్డ కొన్నవాళ్ళను అడగండి.

రాణి రంగు, నిండు ఎరుపు ఈ రెండూ ఫోనుకు ఇంకో రకంగా కష్టం. వెలుగు ఎక్కువైతే ఆ రంగు పొంగిపోయి, నేత అంతా ఒకే ముద్దయిపోతుంది. ఫోను తెర మీద వేలు పెట్టి వెలుతురు గీత కొంచెం కిందికి లాగండి. తెల్ల టవలుకు దీనికి తలకిందులు చేయాలి. ఫోనుకు తెలుపు అంటే ఏమిటో తెలియదు, ఎదురుగా ఉన్న ప్రతిదాన్నీ నడిమి బూడిద రంగు అనుకుంటుంది. తెల్లదాన్ని మాపేస్తుంది, నల్లదాన్ని వెలిసిపోయేట్టు చేస్తుంది. తెల్ల టవలుకు గీత పైకి జరపండి, నల్ల చద్దరుకు కిందికి దించండి. దీపాల కింద తీసినప్పుడు ఫోటోలో అడ్డంగా నల్ల చారలు పడితే ఫోను పాడైందని కంగారు పడకండి. మన కరెంటు 50 సైకిళ్ళది, కొన్ని దీపాలు సెకనుకు 100 సార్లు కొట్టుకుంటాయి. షట్టరు వేగం సెకనులో 50వ వంతుకు పెట్టే వీలుంటే చారలు పోతాయి.

వారం తర్వాత ఆ అమ్మాయి మళ్ళీ తీసింది. పొద్దున తొమ్మిదింటికి, వాళ్ళ అటక గది కిటికీ దగ్గర, పలక పెట్టుకొని. చద్దరు చద్దరులాగా వచ్చింది. రంగు సరిపోయిందో లేదో చూడటానికి ఫోను పక్కనే గుడ్డ పెట్టుకొని, గుమ్మంలో నిలబడి చూసుకుంది. ఎవరూ చెప్పకుండానే! నాకు చాలా సంతోషమైంది.

ఆ సంతోషం నాలుగు రోజులే. తర్వాత టవళ్ళ ఫోటోలు తెచ్చింది. బ్రహ్మాండంగా ఉన్నాయి. కానీ అందులో ఒక రకం నేను చేత్తో పట్టి చూసినదే. పల్చటి సరుకు, ఉచ్చు పొట్టిది, తక్కువ ధరది. ఫోటోలో మాత్రం వేలు దిగబడేంత మందంగా ఉంది. ఏం చేసిందంటే, దీపాన్ని ఇంకా కిందికి, దాదాపు బల్ల మట్టానికి దించింది. పొట్టి ఉచ్చుకు పొడుగు నీడ! నేను నేర్పిన విద్యే.

"ఇది అబద్ధం కదా బిడ్డా" అన్నాను.

"నేనేం మాట అనలే మామా. టవలు గదే, ఫోటో గదే."

"మాట అనలేదు, వెలుగుతో అన్నావు."

కాసేపు మాట్లాడలేదు. "అందరూ గట్లనే తీస్తున్నరు. నేనొక్కదాన్నే సక్కగ తీస్తే నా టవలు ఎవరు కొంటరు?" అంది. నా దగ్గర దానికి గట్టి జవాబు లేదు. ముప్ఫై ఏళ్ళు పెళ్ళికూతుళ్ళ మొహాల మీద మచ్చలు చెరిపి పొట్ట పోసుకున్నవాణ్ణి, నీతులు చెప్పడానికి నోరెట్లా వస్తుంది? పళ్ళ ఫోటోలకు గ్లిసరిన్ చుక్కలు చల్లి పొద్దుటి మంచు అని నమ్మించినవాణ్ణి కూడా. సోలాపూర్ చద్దరుకూ టర్కీ టవలుకూ జి.ఐ. గుర్తింపు ఉంది, ఊరి పేరు మీద అమ్ముతున్నాం కదా అని మాత్రం అన్నాను. అది ఆమెకు పెద్దగా ఆనలేదు.

చివరికి ఒప్పుకున్నది నీతికి కాదు, లెక్కకు. "రంగు తేడా వస్తేనే తిప్పి పంపారు, మందం తేడా వస్తే ఊరుకుంటారా?" అన్నాను. అప్పుడు ఆలోచించింది. రెండు రకాలనూ, దళసరిదీ పల్చదీ, ఒకే బల్ల మీద పక్కపక్కన మడత పెట్టి, ఒకే వెలుగులో ఒకే ఫోటో తీసింది. మడత అంచులు కెమేరా వైపు. మందం ఎంతో దానంతట అదే తెలిసిపోతోంది. ఈ ఉపాయం నాకు తట్టలేదు, ఆమెదే. పేక తప్పిన చద్దర్లు రెండుంటే వాటినీ పక్క వెలుగులోనే తీసి, తప్పు కనబడేట్టు పెట్టి, ధర తగ్గించి అమ్మింది. పార్సిళ్ళు అసలు తిరిగి రావడం లేదని చెప్పను, మొన్న కూడా ఒకటి వచ్చింది. కానీ దుకాణం నడుస్తోంది.

బరంపురం పెద్దాయన బొజ్జ సంగతి మరిచిపోలేదు. ఇత్తడి విషయంలో పైన చెప్పినదంతా పక్కన పెట్టాలి. మెరుగు పెట్టిన చెంబు అద్దం లాంటిది. అద్దాన్ని ఫోటో తీయలేం, అద్దంలో కనిపించేదాన్నే తీస్తాం. కాబట్టి చెంబుకు వెలుగు పెట్టడమంటే, చెంబు దేన్ని చూడాలో దాన్ని చుట్టూ పెట్టడం. తెల్ల పంచెతో చిన్న డేరా కట్టండి, బయటి నుంచి వెలుగు పంచె మీద పడనివ్వండి, కెమేరా మూతి పట్టేంత కంత ఒకటి వదలండి. మీరు డేరా బయట ఉంటారు కనుక మీ బొజ్జ కనబడదు. అయితే అంతా తెలుపే ఉంటే ఇత్తడి ప్లాస్టిక్‌లాగా పాలిపోతుంది. అందుకని డేరా లోపల కుడి ఎడమల రెండు నల్ల చార్టు కాగితం పట్టీలు నిలబెట్టండి. చెంబు అంచుల వెంట రెండు నల్లగీతలు పడి, గుండ్రదనం వచ్చేస్తుంది. పోలరైజర్ అద్దం కొనమని ఎవరైనా చెబితే కొనకండి. అది గాజు మీద, నీళ్ళ మీద మెరుపు తీస్తుంది గానీ, వట్టి లోహం మీద పని చేయదు.

హోసూరు సోదరి ఆవకాయకు దీపం వెనక నుంచి రావాలి. సీసా వెనక కొంచెం పక్కగా కిటికీ, ముందు చిన్న తెల్ల కాగితం. నూనె మెరిసేదీ, కారం ఎర్రగా కనబడేదీ అప్పుడే. నెయ్యి, తేనె సీసాలైతే వెనక సీసా ఆకారానికే కత్తిరించిన తెల్ల కాగితం ఆనించండి, లోపల దీపం పెట్టినట్టు వెలుగుతాయి. సీసా అంచున వేలిముద్రలు తుడవడం మరవకండి, వెనక వెలుగు వాటిని దాచదు. ఇంకొక మాట, సీసా మూత తీసి, పైన చెంచాడు కొత్త ఊరగాయ వేసి తీయండి. పది రోజులు ఊరిన ముక్క నాలుకకు బాగుంటుంది గానీ, ఫోటోకు ఆ రోజు కలిపినదే అందం.

వెండి పంచపాత్రకూ నగలకూ వేరే తంతు ఉంది, పైగా రాళ్ళ నగలైతే ఇంకా ఉంది. అది వచ్చే సంచికలో. ఈలోగా మీరు తీసినవి పంపండి, బాగా రానివే పంపండి, వాటితోనే నాకు పని.